ఒకే గదిలో పెట్టిన అల్లనేరేడు రెండు రకాలుగా ఎందుకు పాడైంది?

గార్లదిన్నె నేరేడుతోట | జూన్ 4, రాత్రి 8:15

సభ్యులందరికీ నమస్కారం. గార్లదిన్నె మండలంలో మాకు రెండున్నర ఎకరాల అల్లనేరేడు తోట ఉంది. నీళ్లు తక్కువైనా తట్టుకుంటుందన్న నమ్మకంతో, చీనీ (బత్తాయి) చెట్లు తీసేసిన చేలో ఎనిమిదేళ్ల కిందట నాటాము. కాపు బాగానే ఉంది గానీ, కోసిన పండు మా ఎండలకు రెండో రోజు దాటి నిలవడం లేదు. బెంగళూరులో ధర బాగున్న రోజున మా దగ్గర పండు ఉండదు, మా దగ్గర పండు రాశిపడిన రోజున అక్కడ ధర ఉండదు.

అందుకని పోయిన వారం 180 కిలోల పండును ఒక శీతల గిడ్డంగిలో పెట్టించాను. అది ఎండుమిరప బస్తాల కోసం కట్టిన గిడ్డంగి. గదిలో 6 డిగ్రీలు ఉన్నట్టు మీటరు చూపించడం కళ్లారా చూశాకే క్రేట్లు లోపలికి పంపాను. నాలుగో రోజున తెరిచి చూస్తే, గుట్టకు అంచుల్లో ఉన్న క్రేట్లలోని పండు ఎండుద్రాక్షలా ముడుచుకుపోయింది. గుట్ట నడిమధ్య క్రేట్లలోని పండేమో పులిసిపోయి, రసం కారుతూ, కల్లుకుండ మూత తీసినట్టు వాసన కొట్టింది. ఒకే రోజు కోసిన పండు, ఒకే గదిలో, ఒకే చలిలో ఒకచోట ఎండిపోయి మరొకచోట కుళ్లిపోవడం ఎలా జరుగుతుందో తెలిసినవారు చెప్పగలరు.

విశ్రాంత ఉద్యాన అధికారి, అనంతపురం | జూన్ 4, రాత్రి 9:40

మీరు చూసినవి రెండు వేర్వేరు నష్టాలు, వాటికి కారణాలు కూడా వేరు. మొదట ఎండిపోయిన పండు సంగతి చెబుతాను. ఎండుమిరపను దాచే గదిలో గాలి తేమను సుమారు 65 నుంచి 70 శాతం దగ్గరే ఉంచుతారు, ఎందుకంటే అంతకు మించితే కాయకు బూజు పడుతుంది. నేరేడుకు కావలసిన తేమ 85 నుంచి 90 శాతం. పలుచని తొక్క, లోపలంతా నీరు ఉన్న పండును ఆ పొడిగాలిలో పెడితే, చలి ఎంత ఉన్నా ఆ గాలి పండులోని నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది. అంచు క్రేట్లకు ఫ్యాను గాలి నేరుగా తగిలింది కాబట్టి అవే ముందు ముడుచుకున్నాయి.

ఇక నడిమధ్య క్రేట్లు. కోసిన పండు కూడా ప్రాణంతోనే ఉంటుంది. అది ఆమ్లజనిని పీల్చి, తనలోని చక్కెరను ఖర్చు చేసుకుంటూ, బొగ్గుపులుసు వాయువునూ (కార్బన్ డయాక్సైడ్) వేడినీ బయటికి వదులుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఈ ఊపిరి వేగం దాదాపు రెండు మూడు రెట్లు అవుతుంది. స్ట్రాబెర్రీ విషయంలో 0 డిగ్రీల దగ్గర ఉన్న వేగానికీ 20 డిగ్రీల దగ్గర ఉన్న వేగానికీ మధ్య తేడా సుమారు పదింతలు. మీరు మధ్యాహ్నపు వేడిని మోస్తున్న పండును క్రేటు పక్కన క్రేటు ఆనించి గుట్టగా పేర్చి ఉంటారు. అప్పుడు గదిలో 6 డిగ్రీలు ఉన్నా గుట్ట నడుమ 30 డిగ్రీల పైనే ఉండి, పండు తన వేడికి తానే ఉడుకుతుంది. మీటరు చూపించేది గది గాలి వేడినే తప్ప పండు వేడిని కాదు.

నేరేడు మామూలు గదిలో రెండు మూడు రోజులకు మించి నిలవదు. దెబ్బ తగలని పండును చిల్లులు పెట్టిన పాలిథీన్ సంచుల్లో నింపి, 9 డిగ్రీలకు ఒక డిగ్రీ అటూ ఇటూగా, 85 నుంచి 90 శాతం తేమలో ఉంచితే సుమారు మూడు వారాలు నిలుస్తుందని ఉద్యాన గ్రంథాలు చెబుతాయి. అయితే కింద రాలిన పండును ఏరి అందులో కలిపితే ఆ లెక్క పనికిరాదు. నేరేడు కొమ్మ పెళుసు, ఎక్కితే విరుగుతుంది కాబట్టి మనవాళ్లు కొమ్మను ఊపి రాల్చేస్తారు. కనీసం కింద వల గానీ మెత్తటి గుడ్డ గానీ పట్టించండి. నిచ్చెన వేసి చేత్తో కోసిన పండును మాత్రమే నిల్వకు ఉంచి, మిగిలినదాన్ని ఆ రోజే అమ్మేయడం మంచిది.

కర్నూలు పండ్లకొట్టు | జూన్ 5, ఉదయం 6:30

అధికారి గారు చెప్పినదంతా నిజమే కావచ్చు గానీ, వ్యాపారం చేసేవాడిగా నాకొక అనుమానం ఉంది. నేరేడుకు నిల్వ ఖర్చు పెట్టడం గిట్టుబాటు అవుతుందా? నేను చలికాలంలో మహాబలేశ్వరం నుంచి స్ట్రాబెర్రీ తెప్పిస్తాను. పెట్టెకు ఇంత అని మొదటే తరుగు రాసుకుని ధర కడతాను. ఒక పెట్టెలో ఒక్క పండుకు బూడిదరంగు బూజు పట్టిందంటే, తెల్లారేసరికి దాని చుట్టూ ఉన్నవాటికి అంటుకుంటుంది, ఫ్రిజ్‌లో పెట్టినా ఆగదు. అందుకే పెట్టెలు రాగానే తెరిచి, చెడిన పండును ఏరేసే మనిషిని పెట్టుకున్నాను. నా అనుభవంలో యంత్రం కంటే ఆ మనిషే ఎక్కువ డబ్బు మిగిల్చాడు.

ఇంకొక ప్రశ్న. ద్రాక్ష పెట్టెల్లో మందు కాగితం ఒకటి పెడతారు కదా, దాన్ని నేరేడు పెట్టెలో పెడితే బూజు రాదేమో?

విశ్రాంత ఉద్యాన అధికారి, అనంతపురం | జూన్ 5, ఉదయం 10:05

ఏరివేత గురించి మీరన్నది అక్షరాలా సరైనది. ఆ బూడిదరంగు బూజు 0 డిగ్రీల దగ్గర కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది, చలి దాన్ని చంపదు, నిదానింపజేస్తుంది అంతే.

మందు కాగితం మాత్రం వద్దు. అందులో ఉండేది సోడియం మెటాబైసల్ఫైట్. పెట్టెలోని తేమ తగిలినప్పుడు అది కొద్దికొద్దిగా గంధక వాయువును (సల్ఫర్ డయాక్సైడ్) వదులుతుంది. ద్రాక్ష దాన్ని తట్టుకుంటుంది కాబట్టి 0 డిగ్రీల దగ్గర, 90 నుంచి 95 శాతం తేమలో నెలల తరబడి నిలవగలుగుతోంది. ఎర్రని, ఊదారంగు పండ్లకు రంగునిచ్చే పదార్థాన్ని ఆ వాయువు వెలిసిపోయేలా చేస్తుంది, అందుకే స్ట్రాబెర్రీకి, రాస్ప్‌బెర్రీకి దాన్ని వాడరు. నాలుక నల్లబడకపోతే నేరేడు ఎవరు కొంటారు?

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. వృక్షశాస్త్రం లెక్కలో నేరేడు, ద్రాక్ష, చివరికి టమాటా కూడా బెర్రీలే. పేరులోనే బెర్రీ ఉన్న స్ట్రాబెర్రీ మాత్రం బెర్రీ కాదు. ఒకే పేరు కింద చెలామణీ అవుతున్నాయి కదా అని అన్నిటినీ ఒకే చలిలో పెట్టకూడదు. స్ట్రాబెర్రీ, బ్లూబెర్రీ 0 డిగ్రీల దగ్గర బాగుంటాయి. నేరేడుకు చెప్పింది 9 డిగ్రీలు.

చల్లగది మెకానిక్, కడప | జూన్ 5, రాత్రి 9:20

నేను ఇరవై ఏళ్లుగా చల్లగదులు బిగిస్తున్నాను. రైతు గారి గుట్ట నడుమ ఏం జరిగిందో అధికారి గారు చెప్పారు, దాన్ని ఎలా ఆపాలో నేను చెబుతాను.

గాలికి కష్టపడే గుణం లేదు, సులువైన దారి దొరికితే అందులోంచే పోతుంది. క్రేట్ల గుట్ట చుట్టూ ఖాళీ ఉంటే గాలి చుట్టూ తిరిగి వెళ్లిపోతుంది తప్ప క్రేట్ల లోపలికి దూరదు. కాబట్టి దానికి వేరే దారి లేకుండా చేయాలి. పక్కలకు చిల్లులున్న క్రేట్లను రెండు వరుసలుగా, నడుమ అడుగున్నర సందు వదిలి పేర్చండి. ఆ సందు పైభాగాన్నీ వెనుక వైపునూ టార్పాలిన్ పట్టతో మూసేసి, ముందు వైపున ఒక ఫ్యాను పెట్టి, సందులోని గాలిని బయటికి లాగేటట్టు తిప్పండి. అప్పుడు గదిలోని చల్లగాలి క్రేట్ల చిల్లుల గుండా, పండ్ల మధ్య నుంచి దూరి సందులోకి రావలసిందే. ఊరికే గదిలో పెడితే రోజు పట్టే చల్లదనం ఇలా చేస్తే కొద్ది గంటల్లోనే వస్తుంది. పండ్లను శుభ్రం చేసి పెట్టెలకెత్తే పెద్ద ప్యాక్‌హౌస్‌లలో చేసేదీ ఇదే, అక్కడ ఫ్యాన్లు పెద్దవి.

పండు చల్లబడిన తరువాత ఆ ఫ్యానును తప్పకుండా ఆపండి. ఆపకపోతే అంచు క్రేట్లకు జరిగిందే అన్నిటికీ జరుగుతుంది.

తేమ విషయంలో మా వాళ్లే ఎక్కువ తప్పు చేస్తారు. గది గాలికీ, లోపలి చల్లటి కాయిల్‌కూ మధ్య వేడి తేడా ఎంత ఎక్కువ ఉంటే, గాలిలోని నీరు అంతగా కాయిల్ మీద చేరి గొట్టం గుండా బయటికి కారిపోతుంది. చిన్న కాయిల్ పెట్టి డబ్బు మిగుల్చుకున్న గదిలో పండు ఎండుతుంది. అదే సామర్థ్యానికి పెద్ద కాయిల్ పెట్టించుకుంటే గాలి తేమగా ఉంటుంది. నేల మీద నీళ్లు చల్లడం, తడి గోనెపట్టలు వేలాడదీయడం ఆ తరువాతి ఉపాయాలు.

ఆదోని లెక్కల మాస్టారు | జూన్ 6, ఉదయం 7:00

మెకానిక్ గారి మాటకు నేను అంకెలు జోడిస్తాను. ఒక కిలో పండును ఒక డిగ్రీ చల్లబరచడానికి సుమారు 3.8 కిలోజౌళ్ల వేడి తీయాలి. 200 కిలోల పండును 34 డిగ్రీల నుంచి 10 డిగ్రీలకు తేవాలంటే 200 × 3.8 × 24, అంటే 18,240 కిలోజౌళ్లు, మన కరెంటు భాషలో సుమారు 5 యూనిట్ల వేడి. నాలుగు గంటల్లో తీయాలంటే 1.27 కిలోవాట్ల చొప్పున తీయాలి. గోడల నుంచి, తలుపు తెరిచినప్పుడు, ఫ్యాను మోటారు నుంచి వచ్చే వేడి దీనికి అదనం. చిన్న గదికి బిగించే ఒకటిన్నర టన్నుల ఏసీ కాగితం మీద సుమారు 5.2 కిలోవాట్ల వేడిని లాగుతుంది, గది చల్లబడే కొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. అయినా లెక్క సరిపోతోంది.

ఇప్పుడు ఇదే పండును తెల్లవారుజామున 25 డిగ్రీల దగ్గర కోశారనుకోండి. తీయవలసింది 24 డిగ్రీల వేడి కాదు, 15 డిగ్రీల వేడి మాత్రమే. మూడో వంతుకు పైగా భారం పైసా ఖర్చు లేకుండా తగ్గిపోయింది. రైతు గారు పండును ఏ వేళకు కోశారో, ఎన్ని గంటలకు గిడ్డంగికి చేర్చారో ఇంతవరకూ చెప్పలేదు.

గార్లదిన్నె నేరేడుతోట | జూన్ 6, మధ్యాహ్నం 1:30

మాస్టారు గారు సరైన చోటనే పట్టుకున్నారు. కూలీలు 8 గంటలకు వచ్చారు, కోత 12 దాటేవరకు సాగింది, వ్యాను వచ్చేసరికి 3 అయింది. అంతసేపూ క్రేట్లు వేపచెట్టు కింద ఉన్నాయి. నీడే కదా అనుకున్నాను. గిడ్డంగిలో దించేసరికి సాయంత్రం 5 గంటలు.

విశ్రాంత ఉద్యాన అధికారి, అనంతపురం | జూన్ 6, సాయంత్రం 4:15

అంటే మొదట కోసిన పండు తొమ్మిది గంటలు వేడిలో ఉంది. స్ట్రాబెర్రీ పండించే పెద్ద రైతులు కోసిన గంటలోపు చల్లబరచడం మొదలుపెట్టాలని లెక్క పెట్టుకుంటారు, ఎందుకంటే ఆ తరువాత ఆలస్యమైన ప్రతి గంటా అమ్మకానికి పనికొచ్చే పండును తగ్గిస్తుంది. నేరేడు అంత సుకుమారం కాకపోయినా, తొమ్మిది గంటలు పోగొట్టుకున్న పండుకు తరువాత ఎంత చలి ఇచ్చినా ఆ కాలం తిరిగి రాదు. మీరు గిడ్డంగి మీద పెట్టిన తప్పులో సగం వేపచెట్టు కింద జరిగింది.

పులివెందుల చీనీతోట | జూన్ 6, రాత్రి 8:50

ఏసీ గది కట్టేంత డబ్బు అందరికీ ఉండదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు 1980ల మొదట్లో రూపొందించిన ఇటుకల చల్లపెట్టెను నేను కట్టుకుని ఆరేళ్లయింది. 165 సెంటీమీటర్ల పొడవు, 115 సెంటీమీటర్ల వెడల్పున ఇటుకల నేల పరిచి, దాని మీద 67.5 సెంటీమీటర్ల ఎత్తుకు రెండు వరుసల గోడ కట్టాలి. రెండు గోడల మధ్య 7.5 సెంటీమీటర్ల సందు వదిలి అందులో ఏటి ఇసుక నింపాలి. పొద్దున, సాయంత్రం ఇసుకనూ ఇటుకలనూ బాగా తడిపి, పైన వెదురు చట్రానికి గోనెపట్ట కట్టి మూతగా వేయాలి. పైన నీడకు పందిరి ఉండాలి, గాలి ఆడే చోటు ఉండాలి. కరెంటుతో పనిలేదు. మా కూరగాయలు, చీనీ కాయలు అందులో బాగా నిలుస్తున్నాయి. నేరేడుకు కూడా ఇది చాలదా?

ఆదోని లెక్కల మాస్టారు | జూన్ 7, ఉదయం 6:45

చాలదు గానీ పనికొస్తుంది. నీరు ఆవిరవుతూ చల్లబరిచే ఏ పద్ధతికైనా ఒక హద్దు ఉంటుంది, తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం చూపించే అంకె కంటే కిందికి అది పోలేదు. మే నెలలో 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం ఆ హద్దు సుమారు 22 డిగ్రీలు. నేరేడు కాపుకు వచ్చే జూన్‌లో నైరుతి గాలి మొదలై, 35 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న రోజున అది సుమారు 26 డిగ్రీలకు పెరుగుతుంది. కాబట్టి అందులో 9 డిగ్రీలు ఎప్పటికీ రావు. అయినా వేపచెట్టు కింద 35 డిగ్రీల్లో ఎదురుచూసే పండును వ్యాను వచ్చేదాకా 26 డిగ్రీల్లో, 90 శాతం తేమలో ఉంచడం చిన్న లాభం కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని మన అనంతపురం పొడిగాలికి ఏనాడైనా ఒక ఉపయోగం ఉందంటే అది ఇదే.

చల్లగది మెకానిక్, కడప | జూన్ 7, రాత్రి 10:00

రైతు గారు ప్రైవేటు సందేశంలో సొంత చల్లగది, దాని కరెంటు గురించి అడిగారు, అందరికీ పనికొస్తుందని ఇక్కడే రాస్తున్నాను. పది అడుగుల గదికి వేడిని లోపలికి రానివ్వని 100 మిల్లీమీటర్ల మందం పఫ్ (నురగ) ప్యానెళ్లు వేయించండి. మామూలు ఏసీ 16 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. దాని సెన్సరును మభ్యపెట్టి ఇంకా కిందికి నడిపించే కూల్‌బాట్ వంటి చిన్న కంట్రోలరు పెట్టుకుంటే 9 డిగ్రీలు తేలిగ్గా వస్తాయి. మోటార్ల కోసం పగలు ఇచ్చే 9 గంటల కరెంటును నమ్ముకోవద్దు, దీనికి వేరే సర్వీసు తీసుకోండి. రెండు 200 లీటర్ల డ్రమ్ముల నిండా నీళ్లు పోసి గదిలోనే పెట్టండి. కరెంటు పోయినప్పుడు ఆ 400 లీటర్ల చల్లటి నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కడానికే సుమారు అర యూనిట్ వేడిని మింగుతాయి, కాబట్టి గది వేడెక్కడం నిదానిస్తుంది.

ప్రొద్దుటూరు గృహిణి | జూన్ 8, మధ్యాహ్నం 2:20

ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకునేవాళ్లకు కూడా ఒక మాట చెప్పండి. నేను తెచ్చిన వెంటనే కడిగి డబ్బాలో పెడితే రెండో రోజుకే జిగురు పడుతోంది.

విశ్రాంత ఉద్యాన అధికారి, అనంతపురం | జూన్ 8, సాయంత్రం 5:00

అమ్మా, తినేముందే కడగండి. చితికినవి తీసేసి, డబ్బా అడుగున పొడిగుడ్డ గానీ కాగితం గానీ పరిచి, మూతకు చిన్న సందు వదిలి పెట్టండి. తడి మీదనే బూజు మొలుస్తుంది.

కర్నూలు పండ్లకొట్టు | జూన్ 9, ఉదయం 7:10

విదేశాల నుంచి వచ్చే బ్లూబెర్రీ నా కొట్టుకు చేరేసరికి కోసి ఎన్ని వారాలైందో తెలియదు గానీ గట్టిగానే ఉంటుంది. దానికి గాలినే మారుస్తారని విన్నాను. మన రైతు ఆ పని ఎందుకు చేయకూడదు? పొడి మంచు గడ్డ ఒకటి గదిలో పెడితే ఆ వాయువు వస్తుంది కదా?

చల్లగది మెకానిక్, కడప | జూన్ 9, రాత్రి 9:30

దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు. పొడి మంచు గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువే, సున్నాకు 78 డిగ్రీల కిందుగా ఉంటుంది. మూసిన గదిలో అది ఆవిరైతే లోపలికి అడుగుపెట్టిన మనిషికి కళ్లు తిరిగి ప్రాణమే పోవచ్చు. మూసిన వ్యానులో డ్రైవరు పక్కన పెట్టుకోవడం కూడా అంతే ప్రమాదం.

గాలిని మార్చే పద్ధతి ఉన్నమాట నిజమే. స్ట్రాబెర్రీ పెట్టెల గుట్టకు పెద్ద పాలిథీన్ ముసుగు తొడిగి, లోపల బొగ్గుపులుసు వాయువు 10 నుంచి 15 శాతం ఉండేలా నింపి లారీల్లో పంపుతారు, దాంతో బూజు వెనకబడుతుంది. అయితే ఆ వాయువు 20 శాతం దాటి చాలా రోజులు ఉంటే పండుకు సారాయి వాసన వస్తుంది. పైగా ఇదంతా చలికి సాయమే తప్ప చలికి బదులు కాదు. వేడి పండుకు గాలి మార్చితే ఇంకా త్వరగా పులుస్తుంది. నేరేడుకు అధికారి గారు చెప్పిన చిల్లుల సంచి చిన్న ఎత్తున చేసేదీ ఇలాంటి పనే, అది తేమను పట్టి ఉంచుతూ ఊపిరి ఆడనిస్తుంది. చిల్లులు లేకుండా మూతి కట్టేస్తే మళ్లీ కల్లుకుండే.

గార్లదిన్నె నేరేడుతోట | జూన్ 21, రాత్రి 8:40

ఆలస్యానికి మన్నించండి. సొంత గది ఈ ఏడాదికి కుదరలేదు. తెలిసిన పూలవ్యాపారి చల్లగదిలో ఒక మూల అద్దెకు తీసుకున్నాను, అక్కడ 8 డిగ్రీల నుంచి 10 డిగ్రీల మధ్య ఉంటుంది. ఇటుకల పెట్టె మాత్రం తోటలోనే కట్టించాను.

ఈసారి కోత తెల్లవారుజామున 5 గంటలకు మొదలుపెట్టించి 8 కల్లా ఆపించాను. ఇందుకు కూలీలకు మనిషికి 50 రూపాయలు ఎక్కువ ఇవ్వవలసి వచ్చింది, మా ఆవిడ అందరికీ టీ కాచి పోసింది. కోసిన క్రేటు కోసినట్టే ఇటుకల పెట్టెలోకి, అక్కడి నుంచి తొమ్మిదిన్నరకు వ్యానులోకి, పదిన్నరకు చల్లగదిలోకి చేరింది. టార్పాలిన్, ఫ్యాను అమరిక మెకానిక్ గారు చెప్పినట్టే చేసి, వంటకు వాడే పొడుగు సూది ఉష్ణమాపకాన్ని నడిమి క్రేటులోని ఒక పండులోకి గుచ్చి చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం రెండున్నరకు 11 డిగ్రీలు చూపించింది. అప్పుడు ఫ్యాను ఆపి, పండును అరకిలో చొప్పున చిల్లుల సంచుల్లో నింపించాను.

తొమ్మిదో రోజున తెరిచాను. 60 కిలోల్లో నాలుగు కిలోలు ఏరివేతకు పోయింది, మిగిలిన పండు కోసిన రోజులాగా కాకపోయినా నిగనిగలాడుతూనే ఉంది. ఒక కొత్త చిక్కు మాత్రం వచ్చింది. కర్నూలు పంపడానికి క్రేట్లు బయట పెట్టగానే సంచుల లోపల చెమట పట్టి, సాయంత్రానికి కొన్ని పండ్లు మెత్తబడ్డాయి.

కర్నూలు పండ్లకొట్టు | జూన్ 22, ఉదయం 6:20

ఆ చెమట నాకు స్ట్రాబెర్రీతో పాత పరిచయమే. చల్లటి పండుకు బయటి తేమగాలి తగిలితే నీళ్లు పేరుకోవడం, ఆ నీటిలో బూజు లేవడం ఖాయం. పండును పగలు బయటికి తీయకండి. రాత్రి పూటే ఎక్కించి, క్రేట్ల మీద పాత దుప్పట్లు దట్టంగా కప్పి, తెల్లవారేలోపు నా కొట్టుకు చేర్చండి. నేను సంచులను విప్పకుండా నేరుగా నా చల్లటి అలమరలోకి ఎక్కిస్తాను, అమ్మేటప్పుడే తీస్తాను. మొదట్లో గిట్టుబాటు కాదన్నవాడిని నేనే, అయినా ఆదివారం రాత్రికి నాలుగు క్రేట్లు పంపండి. ఎక్కించేటప్పుడు మీ సూది ఎంత చూపించిందో ఒక చీటీ మీద రాసి పెట్టండి, దించేటప్పుడు నేనూ గుచ్చి చూస్తాను.